ఒక్కో వరదకీ, ఒక్కో వడగాడ్పుకీ "వాతావరణ మార్పే కారణం" అని ఎలా తేలుస్తారు?

ఈదురుగాలి
ఎక్కడ వరద వచ్చినా, ఎక్కడ అడవి తగలబడినా రెండు మాటలు వినబడతాయి. ఒకరేమో "ఇదంతా వాతావరణ మార్పు పుణ్యమే" అంటారు. ఇంకొకరు "మా తాతల కాలంలో వరదలు రాలేదా" అంటారు. రెండో మాటా అబద్ధమేమీ కాదు. ఈ మధ్య మూడో రకం మొదలైంది. వడగాడ్పు తగ్గీ తగ్గకముందే "ఇలాంటిది వచ్చే అవకాశం ఇన్ని రెట్లు పెరిగింది" అని శాస్త్రవేత్తల లెక్క వార్తల్లోకి వచ్చేస్తోంది. వారం పది రోజుల్లో ఆ లెక్క ఎలా తేలుతుంది? ఎంతవరకు నమ్మొచ్చు?

భూమి వేడెక్కుతోందా లేదా అన్న చర్చ ఇక్కడ వద్దు, పాత థ్రెడ్లలో అది కావలసినంత ఉంది. ఒక్క ఘటనని పట్టుకుని కారణం చెప్పడం గురించే అడుగుతున్నా. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. లింకులు పడేసి వెళ్లిపోకండి.

పక్కబెంచీ
ఫాలోయింగ్. నాకూ ఇదే డౌటు.

అనుమానపక్షి
ఏముందండీ, కంప్యూటర్లో రెండు భూములు తయారుచేస్తారు. ఒకటి మనం ఉన్నది, ఇంకోటి బొగ్గూ పెట్రోలూ కాల్చనిది. రెండింటినీ పోల్చి తేడా ప్రకటిస్తారు. ఆ రెండో భూమిని చూసినవాడెవడు? తామే ఫిర్యాదీ, తామే సాక్షి, తామే జడ్జీ.

లెక్కలపిచ్చి
స్టాటిస్టిక్స్ నా వృత్తి. వాతావరణం కాదు కానీ, ఈ పేపర్లు ఆసక్తి కొద్దీ చదువుతుంటాను.

"దీనికి కారణం ఇదేనా" అని సూటిగా అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. అందుకని ప్రశ్ననే మార్చారు: "ఇలాంటిది జరిగే అవకాశం ఎంత మారింది?" దీన్ని మొదటిసారి గట్టిగా చేసి చూపించింది 2004లో. అంతకుముందు ఏడాది యూరప్‌ని ఉడికించిన వేసవి మీద పీటర్ స్టాట్, ఆయన సహచరులు ఇద్దరు నేచర్ పత్రికలో రాశారు. మనుషుల ప్రభావం వల్ల అలాంటి వేసవి వచ్చే ముప్పు కనీసం రెట్టింపైందని వాళ్లు తేల్చారు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి చెప్తా. ముందు ఘటనకి హద్దులు గీస్తారు: ఏ ప్రాంతం, ఎన్ని రోజులు, ఏ కొలత. సగం గొడవలు ఇక్కడే. మూడు రోజుల సగటు తీసుకుంటే ఒక జవాబు, నెల సగటు తీసుకుంటే ఇంకో జవాబు. తర్వాత ఆ ప్రాంతపు పాత రికార్డులు బయటికి తీస్తారు. భూగోళపు సగటు వేడి పెరిగేకొద్దీ అక్కడి విపరీతాలు ఎంత ముందుకు జరిగాయో చూస్తారు. ఇక్కడిదాకా మోడల్ (వాతావరణాన్ని అనుకరించే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఊసే లేదు, అంతా కొలతల మీద లెక్కే. ఆపైన మోడళ్లు వస్తాయి. అవీ గంపగుత్తగా రావు. ఆ ప్రాంతంలో నిజంగా నమోదైన తీరుని చూపించలేని మోడల్‌ని పక్కన పెట్టేస్తారు. మిగిలినవాటి జవాబుల్నీ, కొలతల జవాబునీ కలిపి ఒక అంకె కాదు, ఒక శ్రేణి ఇస్తారు. వార్తల్లోకి వచ్చేసరికి అందులో ఒక కొస మాత్రమే మిగులుతుంది.

వారంలో ఎలా అంటే, పద్ధతికి సమీక్ష ఎప్పుడో అయిపోయింది. ప్రతిసారీ కొత్త ఘటన కొలతలు అందులో పెట్టడమే పని. 2014 చివర్లో మొదలైన వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ అనే శాస్త్రవేత్తల బృందం చేసేది ఇదే. అట్రిబ్యూషన్ అంటే ఘటనలో వాతావరణ మార్పు వాటా తేల్చడం.

అనుమానపక్షి గారూ, బొగ్గు కాల్చని భూమిని ఎవరూ చూడలేదు, నిజమే. కానీ 1900 నాటి భూమిని చూశాం కదా. ఇప్పటికంటే అది డిగ్రీకి పైగా చల్లగా ఉండేది. దాని రికార్డులు కాగితం మీద ఉన్నాయి.

ఈదురుగాలి
చాలా థాంక్సండీ. ఒక్క ఉదాహరణతో చెప్పగలరా?

లెక్కలపిచ్చి
2021 జూన్ ఆఖరు, కెనడా పశ్చిమ భాగం. లిట్టన్ అనే చిన్న ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది. మర్నాడే కార్చిచ్చులో ఆ ఊరు చాలావరకు కాలిపోయింది. ఆ దేశంలో అంతకుముందు రికార్డు 1937 నాటి 45 డిగ్రీలు. రికార్డులు మామూలుగా అర డిగ్రీ, మహా అయితే డిగ్రీ తేడాతో బద్దలవుతాయి. ఇది నాలుగున్నర డిగ్రీలు దాటేసింది. పారిశ్రామిక యుగానికి ముందరి వాతావరణంలో అది దాదాపు అసాధ్యం అని ఆ బృందం తన రిపోర్టులో తేల్చింది.

అనుమానపక్షి
ఇక్కడే పట్టుకుంటా మిమ్మల్ని. ఆ రిపోర్టు నేనూ చదివాను. ఆ ఘటనని పక్కనపెట్టి, అంతకుముందు రికార్డులతో మాత్రమే లెక్క కడితే, ఇప్పటి వేడెక్కిన వాతావరణంలో కూడా అది జరగడానికి వీల్లేదని వస్తుంది. అంటే వాళ్ల లెక్క ప్రకారం అప్పుడూ అసాధ్యమే, ఇప్పుడూ అసాధ్యమే. జరిగిపోయింది కాబట్టి దాన్ని లెక్కలో కలుపుకుని వెయ్యేళ్లకోసారి అన్నారు. ఇదేం శాస్త్రం?

లెక్కలపిచ్చి
గట్టి పాయింటే. రిపోర్టు రాసినవాళ్లు కూడా దాన్ని దాచలేదు. రెండు దారులున్నాయన్నారు. ఒకటి, ఇది నిజంగానే చాలా అరుదైన దురదృష్టం, దానికి వేడెక్కిన వాతావరణం తోడైంది. రెండోది, ఎండిన నేల లాంటివాటి వల్ల వేడి మనం అనుకున్న గీత మీద కాక ఒక్కసారిగా పైకి ఎగబాకుతోంది, మన లెక్కకి అది అందడం లేదు. రెండోదే నిజమైతే ఊరట కాదు, ఇంకా టెన్షన్ పడాల్సిన విషయం. లెక్క ముప్పుని తక్కువ చేసి చూపిస్తోందన్నమాట.

పక్కబెంచీ
అంటే శాస్త్రవేత్తలే వాళ్లలో వాళ్లు ఒప్పుకోరా? మరి సామాన్యుడు ఎవరి మాట నమ్మాలి?

ఉప్పునీరు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. సముద్రం కొలతలతో పనిచేసేదాన్ని, మధ్యమధ్య ఇటు తొంగిచూస్తుంటా.

పక్కబెంచీ గారూ, 2010లో రష్యాలో వచ్చిన వడగాడ్పు మీద ఏం జరిగిందో చూడండి. మాస్కో చుట్టూ అడవులూ, పీట్ నేలలూ (కుళ్లిన మొక్కల పొరలతో నిండి, నిప్పంటుకునే చిత్తడి నేలలు) తగలబడి ఊరంతా పొగ కమ్మేసిన వేసవి అది. 2011లో ఒక బృందం "ఇది ప్రధానంగా సహజమైన ఒడిదుడుకు" అని రాసింది. అదే ఏడాది ఇంకో బృందం "వాతావరణం వేడెక్కకపోయి ఉంటే ఆ రికార్డు నమోదయ్యేది కాదనడానికి 80 శాతం అవకాశం ఉంది" అని రాసింది. పత్రికలకి పండగే పండగ. 2012లో మూడో పేపర్ వచ్చి, రెండూ సరైనవేనని తేల్చింది. మొదటి బృందం అడిగింది "ఆ నెల మామూలుకంటే అన్ని డిగ్రీలు ఎక్కువగా ఉందే, అందులో వాతావరణ మార్పు వాటా ఎన్ని డిగ్రీలు?" అని. ఆ వాటా చిన్నదే. ఒక అధిక పీడన వలయం వారాల తరబడి కదలకుండా కూర్చోవడం వల్లే ఎక్కువ భాగం. రెండో బృందం అడిగింది "ఆ గీత దాటే అవకాశం ఎంత పెరిగింది?" అని. అది చాలా పెరిగింది. అంచున ఉన్నప్పుడు కొద్దిపాటి పెరుగుదల కూడా దాటే అవకాశాన్ని బాగా పెంచుతుంది.

కాబట్టి "రెట్లు" అని కనబడితే, వెంటనే "డిగ్రీల్లో ఎంత, మిల్లీమీటర్లలో ఎంత" అని కూడా వెతకండి. రెండూ చెప్పని వార్తని నేను చదవడం మానేశాను.

అనుమానపక్షి
ఉప్పునీరు గారు చెప్పింది బావుంది. ఇంకో అనుమానం. వీళ్లు ఏ ఘటన మీద పరిశోధన చేయాలో వాళ్లే ఎంచుకుంటారు. పెద్ద విపత్తు జరిగితేనే చేస్తారు. జరగని వరదల మీద, రాని చలిగాలుల మీద ఎవరూ చేయరు. ఇంక ఫలితం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

లెక్కలపిచ్చి
ఈ లోపం నిజంగా ఉంది. అందుకే ఈ అధ్యయనాలన్నీ కుప్పేసి "నూటికి ఇన్ని ఘటనల్లో వాతావరణ మార్పు చేయి ఉంది" అని శాతాలు తీయడం నాకు నచ్చదు. ఒక్కో ఘటనకి ఇచ్చే జవాబు వేరు, మొత్తం ఎటు పోతోందన్నది వేరు. రెండోదానికి ప్రపంచమంతటి రికార్డుల మీద చేసే పని ఉంది, ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) నివేదికలు ఎక్కువగా వాలేది దాని మీదే.

అయితే "ప్రతిసారీ వాతావరణ మార్పే అంటారు" అన్నది మాత్రం నిజం కాదు. 2021లో మడగాస్కర్ దక్షిణ భాగంలో కరువొచ్చింది. ప్రపంచంలోనే మొదటి వాతావరణ మార్పు కరువు అని అంతర్జాతీయ సంస్థలే ప్రచారం చేశాయి. వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ బృందమే లెక్క వేసి, వాతావరణ మార్పు పాత్ర ఉంటే గింటే చాలా తక్కువ, పేదరికం, సదుపాయాల లేమి, సహజంగా వానల్లో వచ్చే ఒడిదుడుకులే ముఖ్య కారణాలు అని చెప్పింది.

నమ్మకం కూడా అన్నిటికీ ఒకేలా ఉండదు. వడగాడ్పుల విషయంలో బాగా గట్టి. భారీ వానల విషయంలో కూడా పరవాలేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, ఆ భౌతికశాస్త్రం ఎప్పటినుంచో తెలిసిందే. 2017లో హ్యూస్టన్ మీద కురిసిన హార్వీ తుపాను వాన వాతావరణ మార్పు వల్ల సుమారు 15 శాతం పెరిగిందన్నారు. కరువులు కష్టం, ఎందుకంటే వానా, ఆవిరీ, నేల తేమా, మనుషులు తోడుకునే నీళ్లూ అన్నీ కలిసిపోతాయి. టోర్నడోలూ వడగళ్లూ అయితే ఇంకా చాలా బలహీనం. మోడళ్ల వలకి అవి దొరకనంత చిన్నవి.

గట్టుమీదరాయి
సారీ, కొంచెం కోపంగానే రాస్తున్నా. మీరంతా అవకాశాలూ శాతాలూ అని మాట్లాడుకుంటున్నారు. నాకు కనిపించేది వేరే. ఈ "వాతావరణ మార్పు" అన్న మాట దొరికాక బాధ్యత తప్పించుకోవడం ఎంత సులువైందో చూశారా? కాలువలు పూడ్చేసి భవనాలు కట్టినవాడూ, గట్టు తెగేదాకా చూస్తూ కూర్చున్నవాడూ అందరూ ఇప్పుడు ఆకాశం వైపు వేలు చూపిస్తున్నారు.

2023 సెప్టెంబరులో లిబియాలోని డెర్నా గుర్తుందా? డేనియల్ తుపాను వానకి ఊరి పైన ఉన్న రెండు ఆనకట్టలు రాత్రికి రాత్రి తెగిపోయాయి. వేలమంది నిద్రలోనే సముద్రంలోకి కొట్టుకుపోయారు. అవి 1970లలో కట్టినవి. ఏళ్ల తరబడి అంతర్యుద్ధం, మరమ్మతుల్లేవు. మరి ఆ చావులు ఎవరి ఖాతాలో రాస్తారు?

లెక్కలపిచ్చి
ఇద్దరి ఖాతాలోనూ. తప్పించుకోవడానికి అంటున్న మాట కాదిది. అలాంటి వాన అక్కడ పడే అవకాశం 50 రెట్ల దాకా పెరిగి ఉండొచ్చని వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ అధ్యయనం చెప్పింది, అనిశ్చితి చాలా ఎక్కువని కూడా రాసింది. అదే రిపోర్టులో ఆనకట్టల దుస్థితి, వరద దారిలో కట్టిన ఇళ్లు, హెచ్చరికల లోపం, యుద్ధం అన్నీ ఏకరువు పెట్టారు. వార్తల్లో మాత్రం 50 ఒక్కటే మిగిలింది.

అనుమానపక్షి
గట్టుమీదరాయి గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి 🙂

గట్టుమీదరాయి
ఏకీభవించకండి, నేను చెప్పేది మీ వాదం కాదు. ముప్పు పెరుగుతోంది, దాన్ని కాసుకోవాల్సినవాళ్లు కాసుకోవడం లేదు అంటున్నా. కాసుకుంటే ఎంత తేడా వస్తుందో బంగ్లాదేశ్‌ని చూడండి. 1970 భోలా తుపానులో కనీసం 3 లక్షలమంది పోయారు. 2007లో సిదర్ కూడా భీకరమైన తుపానే, మృతులు కొన్ని వేలు. 2020 అంఫన్ నాటికి ఆ దేశంలో మృతులు పదుల్లోకి వచ్చారు. తుపానులు మెత్తబడి కాదు. ముందస్తు హెచ్చరికలు, షెల్టర్లు, సైకిలేసుకుని మైకుల్లో అరుస్తూ తిరిగే వాలంటీర్లు.

ఐపీసీసీ ఆరో నివేదికలో ఒక లెక్క ఉంది. 2010 నుంచి 2020 దాకా వరదలు, కరువులు, తుపానుల వల్ల చావులు బాగా బలహీనమైన ప్రాంతాల్లో, తక్కువ బలహీనమైన ప్రాంతాలకంటే 15 రెట్లు ఎక్కువ. మూలిగే నక్క మీదే తాటిపండు పడుతోంది. ఇది చెప్పని పరిశోధన నాకు అక్కర్లేదు.

మోడరేటర్
చర్చ బావుంది. వ్యక్తిగత విసుర్లున్న రెండు పోస్టులు తీసేశాం. పార్టీల గురించి రాయాలనుకునేవారికి వేరే విభాగం ఉంది.

నైట్‌డ్యూటీ
హాస్పిటల్ పని నాది. వేడి గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఇంతదాకా ఎవరూ చావుల్ని ఎలా లెక్కపెడతారో మాట్లాడలేదు.

వరదలో పోయినవాళ్ల పేర్లు రాస్తారు. వేడికి పోయినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. సర్టిఫికెట్ మీద గుండెపోటు అని ఉంటుంది, కిడ్నీ ఫెయిల్యూర్ అని ఉంటుంది, పెద్ద వయసు అని ఉంటుంది. అందుకని మామూలు సంవత్సరాల్లో ఆ వారాల్లో సగటున ఎంతమంది పోతారో చూసి, ఈసారి ఎంతమంది పోయారో చూసి, తేడా తీస్తారు. 2003లో యూరప్‌లో అలా తేలిన అదనపు మరణాలు 70 వేలకి పైగా. ఆ వేసవి జరుగుతుండగా అది ఎవరికీ తెలియదు. ముఖ్యంగా ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, తలుపులేసుకుని ఇళ్లల్లోనే పోయారు.

డ్యూటీలో నాకు కనబడేది ఇది: పగటి వేడికంటే రాత్రి చల్లబడకపోవడం ఎక్కువ దెబ్బ తీస్తుంది. శరీరం పగలంతా గుండెని పరిగెత్తించి రక్తాన్ని చర్మం వైపు తోస్తూ వేడిని బయటికి పంపుతుంది. రాత్రి దానికి విశ్రాంతి కావాలి. అది దొరక్కపోతే రెండో రోజో మూడో రోజో కూలబడతారు. నీరు తగ్గించడానికి ఇచ్చే బీపీ మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వేడిని తట్టుకునే శక్తిని ఇంకా తగ్గిస్తాయి. ఆ మందులు వాడేవాళ్లకి ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ.

తేమ సంగతి కూడా. థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుట్టి చదివేదాన్ని వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది కాబట్టి మనకి అసలు హద్దు అదే. 35 డిగ్రీల వెట్ బల్బ్ దాటితే ఎంత ఆరోగ్యవంతుడైనా గంటల్లో పోతాడని 2010లో ఒక పేపర్‌లో సిద్ధాంతపరంగా లెక్కగట్టారు. తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఆరోగ్యంగా ఉన్న యువకుల్ని, యువతుల్ని గదిలో ఉంచి, వేడీ తేమా పెంచుతూ పరీక్షించారు. శరీరం లోపలి వేడి అదుపు తప్పడం సుమారు 31 దగ్గరే మొదలైంది. 2022లో వచ్చిన ఫలితం అది. వాళ్లంతా కుర్రవాళ్లు. గుండెజబ్బున్న పెద్దవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

ఈదురుగాలి గారి ప్రశ్నకి సంబంధించింది కూడా ఒకటుంది. 43 దేశాల్లోని 732 ప్రాంతాల రికార్డులు తీసుకుని 1991 నుంచి 2018 దాకా వేడి కాలంలో జరిగిన వేడి మరణాల్ని విడదీశారు. అందులో సుమారు 37 శాతం మనుషుల వల్ల పెరిగిన వేడికి చెందుతాయని 2021లో తేలింది. అంటే మిగతా 63 శాతం ఎప్పుడూ ఉన్నవే. "తాతల కాలంలో లేదా" అనేవాళ్లకీ, "అంతా వాతావరణ మార్పే" అనేవాళ్లకీ ఒకే అంకెలో జవాబు.

పక్కబెంచీ
వెట్ బల్బ్ సంగతి ఇన్నాళ్లకి అర్థమయ్యేలా చెప్పారు. థాంక్యూ సో మచ్.

అనుమానపక్షి
నైట్‌డ్యూటీ గారికి నమస్కారం. లెక్కల గురించి మాత్రం నా అనుమానం పోలేదు. ఇదంతా నిలబడింది పాత కొలతల మీద. ఆ పాత కొలతల్ని "సవరించారు" కదా? కావలసినట్టు సవరించుకుంటే ఏదైనా రుజువవుతుంది.

ఉప్పునీరు
ఇది నా పేట. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

భూమిలో 70 శాతం సముద్రం. ఉపగ్రహాలు, బోయాలు (నీటి మీద తేలుతూ కొలతలు తీసే పరికరాలు) రాకముందు సముద్రపు వేడిని ఓడలవాళ్లే కొలిచేవాళ్లు. డెక్ మీంచి తాడుకట్టిన బకెట్ వదిలి, నీళ్లు పైకి లాగి, థర్మామీటర్ ముంచి చూడటమే. చెక్క బకెట్లు, తర్వాత కాన్వాస్ గుడ్డ బకెట్లు. గుడ్డ బకెట్ తడిగా ఉండి గాలి తగులుతుంటే నీళ్లు చల్లబడిపోతాయి. నావికుడు కొలవడానికి ఎంత ఆలస్యం చేస్తే అంత తక్కువ చూపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. రాత్రిపూట డెక్ మీద దీపం వెలిగిస్తే శత్రువుకి కనబడిపోతారు. కాబట్టి చాలా ఓడల్లో ఇంజన్ చల్లబరచడానికి లోపలికి తీసుకునే నీటి వేడినే రాసుకున్నారు. ఇంజన్ గది పక్కన కాబట్టి అది కొంచెం ఎక్కువ చూపిస్తుంది. 1945లో యుద్ధం ఆగగానే బ్రిటిష్ ఓడలు మళ్లీ బకెట్లతో కొలిచిన లెక్కలు పెద్దఎత్తున వచ్చాయి. దాంతో రికార్డులో సముద్రం ఒక్కసారిగా చల్లబడినట్టు కనబడింది. సముద్రంలో ఏమీ జరగలేదు, బకెట్లు మారాయంతే. 2008లో ఈ సంగతి పేపర్‌గా వచ్చింది.

ఇప్పుడు సవరణ అంటే ఏమిటో చూడండి. పాత బకెట్ కొలతలు ఉండాల్సినదానికంటే చల్లగా ఉన్నాయి, కాబట్టి వాటిని కొంచెం పైకి జరుపుతారు. గతాన్ని పైకి జరిపితే గతానికీ వర్తమానానికీ తేడా పెరుగుతుందా, తగ్గుతుందా? తగ్గుతుంది. సముద్రాన్నీ నేలనీ కలిపి చూస్తే, సవరించిన రికార్డు సవరించనిదానికంటే తక్కువ వేడెక్కుడు చూపిస్తుంది. మోసం చేయాలనుకున్నవాడు ఇలా చేస్తాడా?

రిచర్డ్ ముల్లర్ అని కాలిఫోర్నియా భౌతికశాస్త్రవేత్త, మీలాగే ఈ రికార్డుల మీద నమ్మకం లేక, బర్కిలీలో సొంతంగా బృందం పెట్టి మొదట్నుంచీ లెక్క కట్టాడు. నగరాల వేడి వల్ల తప్పు వస్తోందేమో అని కూడా విడిగా చూశాడు. పాతవాళ్లకి వచ్చిన జవాబే ఆయనకీ వచ్చింది, 2012లో పత్రికాముఖంగా చెప్పాడు.

అనుమానపక్షి
బకెట్ల కథ నాకు తెలియదు. దాని మీద చదువుతాను. మోడళ్ల మీద నా అభిప్రాయం అలాగే ఉంది.

బోనులో సాక్షి
లా చదువుతున్నాను. ఈ అవకాశాల లెక్క కోర్టుకి వెళ్తే ఏమవుతుందో అని నా ఆసక్తి.

పెరూలో హువారాజ్ అనే ఊరుంది, పైన పల్కకోచా అనే హిమానీనదం సరస్సు. మంచు కరిగి సరస్సు ఉబ్బుతోంది, గట్టు తెగితే ఊరు మునుగుతుంది. సౌల్ లూసియానో ల్యూయా అనే రైతు 2015లో జర్మనీ విద్యుత్ కంపెనీ ఆర్‌డబ్ల్యూఈ మీద అక్కడి కోర్టులోనే కేసు వేశాడు. అడిగింది సరస్సు నుంచి రక్షణకి అయ్యే ఖర్చులో, పారిశ్రామిక యుగం మొదలైనప్పటినుంచీ ప్రపంచ ఉద్గారాల్లో ఆ కంపెనీ వాటా ఎంతో అంత. అది అర శాతానికి లోపే. జర్మనీ న్యాయమూర్తులు, నిపుణులు పెరూ వెళ్లి సరస్సు చూసొచ్చారు. ఆ హిమానీనదం వెనక్కి తగ్గడం మనుషుల వల్లేనని 2021లో ఒక అట్రిబ్యూషన్ పేపర్ కూడా వచ్చింది.

2025 మే నెలలో జర్మనీలోని హామ్ కోర్టు తీర్పిచ్చింది. రైతు ఓడిపోయాడు. కారణం చూడండి: రాబోయే 30 ఏళ్లలో వరద ఆయన ఇంటిదాకా వచ్చే అవకాశం 1 శాతం మాత్రమే, అది చాలదన్నారు. కానీ పెద్ద ఉద్గారకులు దూరదేశపు నష్టానికి కూడా సూత్రప్రాయంగా బాధ్యులు కావచ్చని అదే తీర్పులో రాశారు. ఓడి గెలిచిన కేసు. అదే ఏడాది జులైలో, వనువాటు చొరవతో వెళ్లిన ప్రశ్నకి అంతర్జాతీయ న్యాయస్థానం సలహా అభిప్రాయం ఇచ్చింది. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత, తప్పితే పరిహారం దాకా వెళ్లొచ్చు అని. "కారణం, నష్టం మధ్య లంకె చూపించాలి" అన్న షరతు మాత్రం పోలేదు. అంటే మళ్లీ లెక్కలపిచ్చి గారి దగ్గరికే రావాలి.

గట్టుమీదరాయి
ఆ లంకె ఎవరు చూపించగలరు? రికార్డులున్నవాళ్లే కదా.

ఉప్పునీరు
సరిగ్గా అక్కడే ఉంది అసలు బాధ. 2023 మేలో కీవు సరస్సు చుట్టూ, రువాండాలోనూ కాంగోలోనూ వరదలు, కొండచరియలు వచ్చి వందలమంది చనిపోయారు. అట్రిబ్యూషన్ బృందం కూర్చుంది. వాతావరణ మార్పు పాత్ర ఉందో లేదో చెప్పలేమని లేచిపోయింది. పాత్ర లేదని కాదు, లెక్క కట్టడానికి సరిపడా వాన కొలతలు లేవు. అదే వాన పశ్చిమ యూరప్‌లో పడి ఉంటే వారంలో అంకె వచ్చేది.

రికార్డులు ఎంత పాతవైతే అంత విలువ. జపాన్‌లో సువా సరస్సు ఎప్పుడు గడ్డకట్టిందో 1443 నుంచి గుడి పూజారులు రాసిపెట్టారు. ఫ్రాన్స్‌లో బోన్ ఊరి ద్రాక్షకోతల తేదీలు 1354 నుంచి ఉన్నాయి. వాళ్లెవరూ వాతావరణ శాస్త్రం కోసం రాయలేదు. అలాంటివి లేని చోట, వానమాపకం పెట్టినా దాని కాగితాలు చెదలు పట్టిన చోట, నష్టం జరిగినా రుజువుండదు. ఎక్కువ నష్టపోయేవాళ్ల దగ్గరే తక్కువ రుజువులు.

బోనులో సాక్షి
ఇది మా క్లాసులో ఎవరూ చెప్పలేదు. చట్టం కోణంలో చూస్తే చాలా పెద్ద చిక్కు. వాతావరణ మార్పుతో నష్టపోయిన పేద దేశాలకి సాయంగా నష్టనిధి అని 2022లో షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సమావేశంలో ఒప్పుకున్నారు కదా, దాంట్లోంచి డబ్బు ఇవ్వడానికి కూడా ఎవరైనా "ముందు అట్రిబ్యూషన్ చూపించండి" అని షరతు పెడితే, కీవు సరస్సు జనానికి ఎప్పటికీ రాదు.

లెక్కలపిచ్చి
అలాంటి షరతు పెట్టకూడదనే నా అభిప్రాయం కూడా. వృత్తిరీత్యా నా మాట తేలిపోయేలా ఉన్నా సరే. "తెలియలేదు" అన్న జవాబుని "లేదు" అని చదివేవాళ్లు ఎప్పుడూ తయారుగా ఉంటారు.

ఈదురుగాలి
నా ప్రశ్నకి జవాబు దొరికింది, ఇంకో ప్రశ్న పుట్టింది. పాత కాగితాలు ఇంకా ఎక్కడెక్కడో ఉన్నాయంటున్నారు. వాటిని బయటికి తీసే పని ఎవరైనా చేస్తున్నారా? మాలాంటివాళ్లు ఏమైనా చేయగలమా?

ఉప్పునీరు
చేస్తున్నారు, మీరూ చేయొచ్చు. 2020 లాక్‌డౌన్ మొదట్లో బ్రిటన్‌లో పాత వానకొలతల చేతిరాత కాగితాలు 66 వేలు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. 16 వేలమంది వాలంటీర్లు 16 రోజుల్లో 50 లక్షలకి పైగా కొలతలు టైప్ చేసేశారు. దాంతో అక్కడి అధికారిక వాన రికార్డు 1836 దాకా వెనక్కి వెళ్లింది. ఓడల లాగ్‌బుక్కుల (ప్రయాణంలో రోజువారీ వివరాలు రాసే పుస్తకాలు) కోసం ఓల్డ్ వెదర్ అని 2010లో ఒక ప్రాజెక్టు మొదలైంది. ఇలాంటివి జూనివర్స్ అనే వేదికలో వస్తూ పోతూ ఉంటాయి, వెతకండి. శాస్త్రం రానక్కర్లేదు, చేతిరాత చదవడం వస్తే చాలు. ఒకే పేజీని ఒకరికి మించి టైప్ చేస్తారు. పొంతన కుదరనివి మళ్లీ చూస్తారు, కాబట్టి తప్పు పోతుందేమోనని భయపడక్కర్లేదు. 1కీ 7కీ తేడా తెలియకపోతే అదే నావికుడు అదే పేజీలో తారీఖు ఎలా రాశాడో చూసి పోల్చుకోండి. పైన ఉన్నదే అని చెప్పడానికి రెండు చిన్న గీతలు పెట్టి వదిలేస్తారు, దాన్ని 11 అనుకుని కొట్టేస్తుంటారు కొత్తవాళ్లు.

పక్కబెంచీ
ఫోన్‌లో అవుతుందా మేడమ్?

ఉప్పునీరు
అవుతుంది కానీ కళ్లు పోతాయి. పేజీ నిండా గళ్లే ఉంటాయి, ల్యాప్‌టాప్ ఉంటే దాని మీద చేయండి.

అనుమానపక్షి
బకెట్‌తో కొలిచారో, ఇంజన్ దగ్గర కొలిచారో ఆ లాగ్‌బుక్కుల్లో రాసి ఉంటుందా?

ఉప్పునీరు
చాలావాటిలో ఉండదు. ఉన్నవి మీకు కనబడితే ప్రాజెక్టు ఫోరమ్‌లో తప్పకుండా చెప్పండి, అవి మాకు చాలా కావాలి.